బొట్టు పెట్టిన సాకెట్టు

దసరా సెలవులు ముగిసిన సోమవారం ఉదయం పదిన్నరకు మా ఆఫీసు తెర మీద వాన కురిసింది గాని, నీరు పారలేదు. నీరు పారవలసిన చోటంతా నల్లని ముక్కోణాలు చిరిగిన గొడుగుల్లా ఎగిరిపడుతున్నాయి.

“సార్, జర ఇటు రాండ్రి,” అని పిలిచింది వర్షిత. “సెలవులకు ముందు మధ్యాహ్నం మంచిగ ఉండె. ఇప్పుడు చూడుండ్రి, గల్లీలు కనవడ్తున్నయ్, నీళ్లే లేవు.”

మాదాపూర్‌లో ఒక భవనం నాలుగో అంతస్తులో వర్షిత నడిపే చిన్న సంస్థ అది. ఏ బస్తీలో ఎంత వాన పడితే నీరు ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో లెక్కగట్టి కంప్యూటరు తెర మీద బొమ్మగా చూపించడం దాని పని. వర్షిత డిగ్రీలో నా విద్యార్థిని. ముప్పైనాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను వారానికి మూడు రోజులు కూకట్‌పల్లి నుంచి పిలిపించుకుంటుంది. అంకెలను అనుమానించడం నా ఉద్యోగం. జీతం తీసుకుని అనుమానించే అవకాశం ఎందరికి దొరుకుతుంది?

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి మునిసిపల్ ఇంజనీరు రోహిణి గారు రావలసి ఉంది. బోరబండ దగ్గరి ఒక బస్తీకి కొత్త వాననీటి కాలువ వేస్తున్నారు. నక్షలో, అంటే ప్లానులో, ఆ కాలువ పెద్ద రోడ్డు పక్కగా పోతుంది. నీరు నిజంగా నిలిచేది రోడ్డు వెనకనున్న గల్లీలోనని మా లెక్క. లెక్కల కాగితాలు ఆమెకు ముందే పంపాం. ఆమె చదివి, “నీళ్లు ఎటు పోతున్నయో కళ్లతో చూపించండి, మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మంగళవారం నక్ష సంతకానికి పోతది,” అన్నారు.

ఆ గల్లీలోనే కిష్టమ్మ ఇల్లు. మా ఆఫీసులో టీ పెట్టేదీ, ఊడ్చి తుడిచేదీ కిష్టమ్మే. గట్టి వాన పడ్డ ప్రతిసారీ మర్నాడు ఆమె ఆలస్యంగా వచ్చేది, బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి, ఇంట్లో బురద ఎత్తిపోసి.

కంప్యూటర్ల బాధ్యత శివశంకర్‌ది. కడప జిల్లావాడు, నెమ్మదస్తుడు. అప్పటికే నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

“నిన్న ఆదివారం గ్రాఫిక్స్ డ్రైవరు దానంతటదే కొత్తది ఏసుకుండాది సార్. దాని పనే ఇది,” అన్నాడు.

డ్రైవరంటే బొమ్మలు గీసే కార్డుకు కంప్యూటరు మాట అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాము. దుబాసీ మారితే సంభాషణ చెడవచ్చు. అనుమానం సమంజసమే. శివశంకర్ కొత్త డ్రైవరు తీసేసి పాతది వేశాడు. నల్ల ముక్కోణాలు. అదీ తీసేసి, ఆనవాళ్లన్నీ తుడిచేసి, మూడోది వేశాడు. నల్ల ముక్కోణాలు.

“కార్డు ఉండాదంటాది, డ్రైవరు ఉండాదంటాది, జబ్బేమీ లేదంటాది. మరి బొమ్మ యాడబోయినట్ల సార్?”

“ఇంకో కంప్యూటర్ల పెడదామా?” అంది వర్షిత, తనలో తాను. సమాధానమూ ఆమెకే తెలుసు. అంత బరువైన బొమ్మను మోయగల కార్డు ఆఫీసు మొత్తానికి ఈ ఒక్క పెట్టెలోనే ఉంది.

నేను నోటుబుక్కు తీశాను. ఏ పరికరమైనా మొరాయిస్తే నేను చేసేది ఒకటే. చివరిసారి సరిగ్గా పనిచేసిన క్షణం నుంచి ఇప్పటిదాకా ఏమేమి మారిందో వరుసగా రాయడం, ఒక్కొక్కటే పరీక్షించి కొట్టివేయడం. ఒకటి, డ్రైవరు. రెండు, శివశంకర్ మార్చిన తెర అమరిక. మూడు, వర్షిత చేర్చిన కొత్త వాన వివరాలు. నాలుగు, ఆయుధపూజ.

నాలుగోది రాస్తున్నప్పుడు నాకు కొంచెం ఉత్సాహం కలిగిందని ఒప్పుకోవాలి. సెలవులకు ముందు రోజు సాయంత్రం కిష్టమ్మ ప్రతి కంప్యూటరుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, అగరుబత్తి వెలిగించి, కర్పూరం తిప్పింది. పండుగ సంబరం మీద నాకు కోపం లేదు. పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాను కూడా. కానీ కుంకుమ ఫ్యానులో పడితే వేడెక్కుతుంది, వేడెక్కితే బొమ్మ చెడుతుంది. సిద్ధాంతం బాగానే ఉంది.

పెట్టెను బల్ల మీదికెక్కించి మూత తీయించాను. ఫ్యాను శుభ్రంగా ఉంది, హాయిగా తిరుగుతోంది. వేడి మామూలుగానే ఉంది. కుంకుమ రేణువు ఒక్కటీ లేదు. పూజ నిర్దోషి అని రాసి నాలుగో అంశం కొట్టేశాను. రెండూ మూడూ అప్పటికే కొట్టేసి ఉన్నాయి. కాగితం ఖాళీ అయింది, ఒంటిగంటన్నర అయింది, ముక్కోణాలు అలాగే ఉన్నాయి.

కిష్టమ్మ టీ తెచ్చింది. ఎవరి కోసం ఈ హడావుడో ఆమెకు తెలుసు. గ్లాసులు పెట్టి, బల్ల మీద వీపు ఇటు తిప్పి ఉన్న పెట్టెను చూస్తూ నిలబడిపోయింది.

“సార్, ఒక్క మాట చెప్తే ఏమనుకోరు కద?”

“చెప్పండమ్మా.”

“బొట్టు పెట్టిన తాన తీగ లేదు.”

శివశంకర్ తలెత్తాడు. “ఏందక్కా?”

“గిది చూడు బిడ్డా. నేను ముంగట ఒక్క బొట్టు పెట్టి ఊకుంటనా? పని జేసేదంత ఎనకనే కద. తీగ యాడ గుచ్చి ఉంటే ఆడల్ల బొట్టు పెట్టిన. గీ కరెంటు దానికి ఉన్నది. గీ నెట్టు దానికి ఉన్నది. గీ కింది దానికి గూడ ఉన్నది, తీగ మాత్రం లేదు. పైన దాంట్ల తీగ ఉన్నది, బొట్టు లేదు. ఉట్టి బొక్కకు నేనెందుకు పెడ్త?”

ముగ్గురం ఒకేసారి వంగాం. తెర తీగ మూతి మీద ఎర్రని చుక్క ఉంది. అది గుచ్చుకుని ఉన్న పై సాకెట్టు పక్కన ఏమీ లేదు. అడుగున, అచ్చం దానిలాంటిదే మరో సాకెట్టు, పక్కన గుండ్రని కుంకుమబొట్టుతో ఖాళీగా ఉంది.

శివశంకర్ నెత్తి కొట్టుకున్నాడు. ఆ పెట్టెలో బొమ్మలు గీసేవి రెండున్నాయి. పై సాకెట్టు వెనక ఉన్నది చిన్నది, ఉత్తరాలకూ పట్టికలకూ చాలినది. అడుగున ఉన్నదే వేలు పోసి కొన్న పెద్ద కార్డు. తీగ పైకి మారడంతో కోటి చుక్కల నీటి బొమ్మను ఆ చిన్నది గీయబోయి చతికిలబడింది. ఉదయం నుంచీ మేము వైద్యం చేసిన కార్డుకు ఏ జబ్బూ లేదు. బొమ్మ అసలు దాని గుండా రావడమే లేదు. తెర వెలుగుతూనే ఉంది కనుక తీగను ఎవరూ అనుమానించలేదు.

“అయితే తీగ మార్చిందెవరు?” అన్నాను కటువుగానే.

కిష్టమ్మ నా వంక జాలిగా చూసింది. “మీరే కద సార్. నేను బొట్లు పెట్టినంక, పొగ తాకుతది, కర్పూరం మసి పడ్తది అనుకుంట తీగలన్ని పీకి గీ డబ్బ అవుతలి అర్రల పెట్టిండ్రు. పూజ అయినంక మీరే తెచ్చిండ్రు. మోకాళ్లు నొస్తున్నయని వంగకుండనే గుచ్చిండ్రు. నేను చూస్తనే ఉన్న.”

వర్షిత నవ్వు ఆపుకోవడానికి చేసిన ప్రయత్నం రెండు క్షణాలు నిలిచింది. శివశంకర్ ఎంతో వినయంగా అడిగాడు. “సార్, మీ నోటుబుక్కులో ఇది ఎన్నో నంబరు సార్?”

అందరూ ఏమి చేశారో రాశాను. నేను చేసింది తప్ప. పరిశీలకుణ్ణి కూడా లెక్కలో చేర్చమని ముప్పైనాలుగేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి! నాకే నవ్వొచ్చింది, ఆగకుండా వచ్చింది, టీ పొలమారేదాకా వచ్చింది.

తీగ కిందికి మార్చి కంప్యూటరు మళ్లీ ఆన్ చేశాం. వాన మొదలైంది. ముందు మేడల మీద, తర్వాత రోడ్ల మీద, ఆ తర్వాత నీలంగా, నున్నగా, ముక్కోణం ఒక్కటీ లేకుండా నీరు కదిలింది. రోడ్డు దాటి, వెనక గల్లీలోకి మళ్లి, అక్కడ నిలిచి పెరగసాగింది.

“అవ్వో! గది మా గల్లే!” అంది కిష్టమ్మ. “గదే మూల. ఆడికెల్లే వస్తయి సార్ నీళ్లు. ఎంతమందికి చెప్పినా ఇనరు.”

రోహిణి గారు మూడుకు రెండు నిమిషాల ముందే వచ్చారు. బొమ్మను మూడుసార్లు తిప్పించుకుని చూశారు. “బొమ్మ మంచిగనే ఉంది. కానీ కంప్యూటరు చెప్పింది నిజమని ఎట్ల నమ్మాలె?” అన్నారు.

అది నా మనసుకు అత్యంత ప్రియమైన ప్రశ్న. శివశంకర్‌తో తెరను గోడవైపు తిప్పించాను. కిష్టమ్మను పిలిచి, క్రితం వానాకాలం పెద్ద వానకు గల్లీలో నీరు తన కాలికి ఎందాకా వచ్చిందో చూపమన్నాను. ఆమె మోకాలి పైన చెయ్యి అడ్డం పెట్టింది. శివశంకర్ టేపు పట్టాడు. యాభైఆరు సెంటీమీటర్లు. తెరను తిరిగి ఇటు తిప్పి, అదే వానకు అదే మూల మీద నొక్కించి లోతు చూశాను. యాభైఎనిమిది.

“రెండు తేడా,” అన్నారు రోహిణి గారు.

“గప్పుడు కాళ్లకు చెప్పులుండె మేడం,” అంది కిష్టమ్మ.

తలుపు దగ్గర కిష్టమ్మ విడిచిన చెప్పును వర్షిత పరుగున తెచ్చింది. దాని మందం కొలిచాం. సరిగ్గా రెండు!

గది గదంతా చప్పట్లు. రోహిణి గారు బల్ల మీద నక్ష పరిచి, ఎర్ర పెన్సిలుతో కాలువ గీతను రోడ్డు వెనక్కి తిప్పి, కింద పొట్టి సంతకం చేశారు. “రేపు పోయే నక్షలో మీ గల్లీ ఉంటది, కిష్టమ్మా. వచ్చే వానాకాలం లోపు పని అయ్యేటట్లు నేను ఎంటవడి చూస్త.”

“ఇగ బియ్యం డబ్బ కిందనే పెట్టుకోవచ్చా మేడం?”

“కాలువ అయినంక పెట్టుకోండి. అప్పటిదాక అటక మీదనే ఉండనీ.”

రోహిణి గారు వెళ్లాక నోటుబుక్కు తెరిచి, అయిదో అంశంగా నా పేరే రాశాను. ‘భీమేశ్వరరావు పెట్టెను కదిపాడు.’ తర్వాత మార్కరు తీసుకుని పెట్టె దగ్గరికి వెళ్లాను. మళ్లీ పొరపాటు జరగకుండా కింది సాకెట్టు పక్కన గుర్తు పెట్టాలని నా ఉద్దేశం.

“బొట్టు ఉన్నది కద సార్,” అంది కిష్టమ్మ, ఖాళీ గ్లాసులు తీస్తూ. “గదేం తక్కువ?”

ఆలోచించాను. స్పష్టంగా ఉంది, సరైన చోట ఉంది, ఈ రోజు పరీక్షకు నిలిచింది కూడా. మార్కరుకు మూత పెట్టేశాను.