పంపు పోయింది

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: వాకిట్లో కుర్చీ వేసుకుని నాయనమ్మ, రేకుల షెడ్డులో నాన్న, కారు కింద కాళ్ళు మాత్రం కనిపించేలా దూరిన మెకానిక్, అతనికి చేతిదీపం పట్టుకుని పెద్దది. అమ్మ లేదు. చిన్నాడు లేడు. ఆ ఇద్దరూ లేకపోవడం ఒకలాంటిది కాదు. అమ్మ ఊరికి ఆ చివర తన అక్క ఇంట్లో ఉంది. చిన్నాడు ఎక్కడా లేడు.

తమ్ముడు పుట్టినప్పటి నుంచి వాణ్ణి చిన్నాడనీ, తనని పెద్దదనీ పిలవడం ఇంట్లో అలవాటైపోయింది. ఇప్పుడు ఒక్కతే మిగిలినా పెద్దదే. వేరే పేరుతో పిలుద్దామని ఎవరికీ నోరు రాలేదు.

కారు మీది టార్పాలిన్ తీసేటప్పటికి దుమ్ము పొగలా లేచింది. టైర్లు గాలి పోయి నేలకు అంటుకుపోయాయి. తలుపుల అంచుల్లో ఇనుము పుండులా పొక్కింది. వెనక సీటులో ఎలుకలు దూది పీకి ఒకటి కాదు, మూడు కాపురాలు పెట్టాయి. గేరు రాడ్డు పక్కన చిన్నాడు అంటించిన పులిబొమ్మ చారలన్నీ వెలిసిపోయి పిల్లిలా చూస్తోంది. ఒకప్పుడు ఇదే కారు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. నాన్న దాన్ని అద్దెకు తిప్పేవాడు. ఇప్పుడు గోదాములో మూటలు లెక్కపెట్టి, నడిచి ఇంటికి వస్తున్నాడు.

"ఏరా, ప్రాణం వచ్చిందా దానికి?" వాకిట్లోంచి నాయనమ్మ కేకేసింది.

"ఇంకా లేదత్తా. ఊపిరి పోస్తున్నాం," అన్నాడు మెకానిక్. నాన్నతో పాటు ఒకే అద్దె కార్ల స్టాండులో పెరిగినవాడు. నాన్నని బావా అంటాడు కాబట్టి పెద్దదానికి మామయ్య.

"నువ్వు పోసేది టీ. అదీ నీ గొంతులో. పొద్దుట్నుంచి చూస్తున్నాగా!"

మెకానిక్ కారు కిందే కిలకిలా నవ్వాడు. పెద్దదానికీ నవ్వొచ్చింది. ఆ షెడ్డులో నవ్వు వినిపించి చాలా కాలమైంది.

ఈ పని మొదలవడానికి కారణం పెద్దదే. నలుగురిలో నోరు విప్పమంటే చెమటలు పట్టే పిల్ల. బడిలో హాజరు పలికినా పక్కవాళ్ళకి వినపడదు. అలాంటిది నాన్న వెంటపడి, అన్నం కంచం ముందూ, స్నానాల గది తలుపు బయటా, అదే మాట సన్నగా, వదలకుండా అంటూనే ఉంది: "బండి బాగు చేయించు నాన్నా. రోడ్డెక్కితే అమ్మ వస్తానంది."

అమ్మ నిజంగానే అంది. సంచీ భుజాన వేసుకుని, గేటు బయట నిలబడి, వీధంతా వినేలా అంది: "ఆ బండి రోడ్డెక్కిన రోజున కబురు చెయ్యండి. అప్పుడు వస్తా!" వీధిలో వాళ్ళందరికీ ఆ మాట అర్థమైంది. గుర్రానికి కొమ్ములు మొలిచినప్పుడు వస్తానన్నట్టే. ఒక్క పెద్దది మాత్రం దాన్ని మాటిచ్చినట్టుగా దాచుకుంది. అమ్మ అన్న మాట తప్పే మనిషి కాదు మరి.

అంతకుముందు జరిగింది ఇదీ. చిన్నాడికి రెండ్రోజులుగా జ్వరం. ఒక మధ్యాహ్నం మెడ కొయ్యలా బిగుసుకుపోయింది. నాన్న అప్పుడే కిరాయి సగంలో వదిలేసి పరుగున వచ్చాడు. వెనక సీటు నిండా ఎవరిదో సామాను. దింపే వ్యవధి లేదు. ఎప్పుడూ వెనక కూర్చునే అమ్మ ముందు సీట్లో కూర్చుంది, వాణ్ణి ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని. కారు వీధి దాటింది. పెద్దది నాయనమ్మ చెయ్యి పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయింది. మిల్లు గోడ పక్కన, మనిషి అలికిడి లేని రోడ్డు మీద, కారు ఆగిపోయింది. నాన్న సెల్ఫ్ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. బ్యాటరీ చచ్చేదాకా కొట్టాడు. మరో బండి దొరికేసరికి చిన్నాడు అమ్మ ఒళ్ళోనే చల్లబడిపోయాడు.

ఆ నెలంతా కారు ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గేది. "పెట్రోలు పంపు పోయేలా ఉంది, చూపించండీ," అని అమ్మ పోరేది. "రేపు," అనేవాడు నాన్న. నాన్న రేపుకి తెల్లవారదని నాయనమ్మ కూడా వెక్కిరించేది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వెక్కిరించలేదు. అమ్మ నాన్నని ఒక్క మాటా అనలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, తల ఎత్తేది కాదు. అలా కొన్నాళ్ళు చూసి, ఆ గాలి పీల్చలేక వెళ్ళిపోయింది.

"బావా," మెకానిక్ కారు కిందినుంచి జారుతూ బయటికొచ్చాడు. చేతిలో పాత పంపు. "విప్పి చూశాను. ఇది పోయిన పంపు కాదు. కాస్త అలిసిందంతే. నా గుండెకన్నా నయంగా ఉంది."

నాన్న దానివైపు చూడలేదు. "మార్చెయ్."

"బాగున్నదాన్ని మార్చడం దేనికి?"

"మార్చమన్నానా!"

కొత్త పంపు పడింది. ట్యాంకు కడిగారు. టైర్లకి గాలి కొట్టారు. కార్బ్యురేటర్ విప్పి, గడ్డకట్టిన జిగురంతా గీకారు. కొత్త ప్లగ్గులు, అరువు తెచ్చిన బ్యాటరీ. నాన్న కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గిర్రుగిర్రుమని తిరిగింది గాని అంటుకోలేదు. మళ్ళీ కొట్టాడు. అదే గిర్రు. నాన్న మూడోసారి తాళం తిప్పాడు. ఆ రోజు కూడా ఇలాగే తిరిగి ఉంటుంది.

"ఆగు బావా, ఆగు," అన్నాడు మెకానిక్. ఒక ప్లగ్గు విప్పి చూశాడు. "పెట్రోలు దిట్టంగా వస్తోంది. కరెంటే రావడం లేదు." బానెట్ కింద ఒక వైరు పట్టుకుని, పాము వెంట పడ్డట్టు దాని వెంటే వెళ్ళాడు. అది ఉండాల్సిన చోట ఆగకుండా లోపలికి దూరి, డాష్‌బోర్డు అడుగునుంచి నాన్న పక్క సీటు వైపుకి పోయింది. "ఇదేంటి, దారి తప్పి అటు పోతోంది?"

"దొంగ స్విచ్చి," అన్నాడు నాన్న. "స్టాండులో కార్లు ఎత్తుకుపోయారు చూడు, అప్పుడు పెట్టించా. అది కిందికుంటేనే బండి నడుస్తుంది. పైకుంటే ఎంత కొట్టినా లేవదు. దొంగ డ్రైవరు వైపే వెతుకుతాడు కదాని ఆ పక్కన పెట్టించా."

"మరి పైకే ఉందిగా!"

"ఉండదు. రాత్రి పడుకోబోయే ముందే పైకి ఎత్తుతాను. ఆ రోజు తర్వాత నేను దాన్ని ముట్టనే…" నాన్న మాట సగంలో ఆగింది.

మెకానిక్ స్విచ్చి కిందికి నొక్కాడు. "ఊఁ, కొట్టు."

నాన్న కొట్టాడు. ఇంజను ఒక్కసారి తుమ్మి, నల్లటి పొగ కక్కి, భళ్ళున లేచింది. రేకులు అదిరాయి. ఎలుకలు తలో దిక్కుకీ పరుగెత్తాయి. వాకిట్లో నాయనమ్మ చప్పట్లు కొట్టింది. పెద్దది చేతిదీపం పైకెత్తి ఊపింది. అమ్మ వచ్చేస్తుంది! ఈ సాయంత్రమే వచ్చేస్తుంది.

మెకానిక్ గెలిచినవాడిలా ముందు సీట్లో చతికిలబడ్డాడు. కాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉండే పనిముట్ల పెట్టె ఉంది. దర్జాగా దానిమీద పాదాలు పెట్టాడు. మోకాళ్ళు పైకి లేచాయి. టక్కుమని చిన్న చప్పుడు. ఇంజను ఆగిపోయింది.

"చూశావా, మోకాలు తగిలింది!" అని నవ్వాడతను. "ఇంత సులువుగా తగిలే చోట ఎవడు పెట్టాడు బావా ఇది? ఎవరన్నా ఇక్కడ కాళ్ళు పైకెట్టుక్కూర్చుంటే…"

ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఆ రోజు అమ్మ ఎలా కూర్చుందో విన్నది అతనికి గుర్తొచ్చింది. నాన్నకి అంతకు ముందే వచ్చింది. గేటు దగ్గర నిలబడి చూసిన పెద్దదానికీ వచ్చింది. చిన్నాడి తల పైకి ఉండాలని అమ్మ ఆ పెట్టెమీదే పాదాలు ఆనించి, మోకాళ్ళు ఎత్తి, వాణ్ణి గుండెకి హత్తుకుంది.

చేతిదీపం బరువెక్కి పెద్దదాని చెయ్యి లాగింది గాని దించాలని తోచలేదు.

"పంపు పోయింది," అన్నాడు నాన్న.

"బావా…"

"విన్నావా? పంపు పోయింది. కొత్తది వేశాం, బండి లేచింది. ఎవరడిగినా అంతే."

"నీ తప్పేం లేదయ్యా! ఇన్నాళ్ళూ దాన్ని నెత్తిన మోస్తూ తిరిగావు. వెళ్ళి చెప్పు!"

"నా నెత్తినే ఉండనీ. నాకు అలవాటైంది. ఇది ఆ కన్నతల్లి నెత్తిన పడితే బతకదు." నాన్న పెద్దదాని వైపు తిరిగాడు. "నువ్వూ అంతేనమ్మా. పంపు."

పెద్దది తల ఊపింది.

కర్ర చప్పుడుకి ముగ్గురూ ఉలిక్కిపడి చూశారు. నాయనమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధికీ తెలుసు.

"నిన్ను ఏమీ అనలేదు గాని, నా కొడుకే పిల్లాణ్ణి చంపేశాడని నా మొహం మీదే అనిపించుకున్నాను," అంది నాయనమ్మ. "కోడలికి బదులు చెప్పడానికి ఒక్క మాట దొరక్క కుళ్ళిపోయాను. ఇవాళ దొరికింది. మింగెయ్యమంటావు, అంతేనా?"

"మింగెయ్యమ్మా."

ఆవిడ దవడలు నిజంగానే కదిలాయి. వెనక్కి తిరిగి, కర్ర పొడుచుకుంటూ కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది.

బండి లేచింది గాని నాన్నకి అమ్మ దగ్గరికి వెళ్ళే ఉద్దేశం లేదు. తాళం తీసి జేబులో వేసుకోబోయాడు. పెద్దది ఆ చెయ్యి పట్టుకుంది.

"రోడ్డెక్కితే వస్తానంది నాన్నా."

"అది కోపంలో అన్న మాటరా తల్లీ. మాటకి మాట."

"అమ్మ అబద్ధం చెప్పదు."

నాన్న స్విచ్చి కిందికి నొక్కి, తాళం మళ్ళీ తిప్పాడు. దారిలో పెద్దది ముందు సీట్లో కూర్చోలేదు. ఎలుకలు కొరికిన వెనక సీట్లో, స్ప్రింగులు గుచ్చుకుంటుంటే, ఒక మూలకి ఒదిగి కూర్చుంది. ఎవరన్నా అడిగితే తడబడకూడదని ఒకటే మాట లోపల్లోపల వల్లె వేసింది. పంపు పోయింది, కొత్తది వేశాం. పంపు పోయింది, కొత్తది వేశాం. మిల్లు గోడ పక్కనుంచి వెళ్ళేటప్పుడు నాన్న వేగం పెంచాడు.

పెద్దమ్మ వాళ్ళ వాటా మేడమీద. నాన్న మెట్ల కింద కారు ఆపి, ఇంజను మాత్రం ఆపలేదు. "నేను రాను. నువ్వు వెళ్ళు," అన్నాడు, స్టీరింగు వైపు చూస్తూ.

పైన కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. పెద్దది తలుపు తట్టగానే ఆగింది. అమ్మే తీసింది. మెడలో టేపు వేలాడుతోంది, వేళ్ళకి దారపు పోగులు. బాగా చిక్కిపోయింది. కూతుర్ని చూసి ఏదో అనబోయి, కిందినుంచి వస్తున్న చప్పుడు విని ఆగింది. ఆ ఇంజను చప్పుడు ఆమె ఎక్కడ విన్నా గుర్తు పడుతుంది.

"అదేనా?"

"అదే అమ్మా. రోడ్డెక్కింది."

అమ్మ మెట్ల గోడ మీదుగా కిందికి తొంగి చూసింది. పొలుసులు లేచిన కారు పైకప్పు, కిటికీ మీద నాన్న మోచెయ్యి. తర్వాత లోపలికి వెళ్ళి, టేపు మిషను మీద పడేసి, చెప్పులు వేసుకుని వచ్చింది. పెద్దదానికి ఒళ్ళంతా తేలికైపోయింది.

గుమ్మం దాటబోతూ అమ్మ అడిగింది. "ఏం పోయింది దాంట్లో?"

"పంపు పోయింది, కొత్తది వేశాం." వల్లె వేసిన మాట అడిగీ అడగ్గానే బయటికి దూకేసింది.

అమ్మ పాదం గుమ్మం మీదే ఆగింది.

"పంపేనా?" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "బాగా చూశారా? ఇంకేదన్నా అయ్యుంటుందేమోనని నేను… రోజూ అదే అనుకుంటా. ఆయనకి తెలియనిది, ఎవరికీ తెలియనిది ఏదో పోయుంటుంది, పంపు కాదేమో అని. పంపు కాకపోతే నేను ఆ మనిషి మొహం చూడగలను పెద్దదానా. సరిగ్గా చెప్పు. పంపేనా?"

పెద్దది నోరు తెరిచింది. కాదు అంటే చాలు, అమ్మ మెట్లు దిగుతుంది. కానీ కాదంటే మరేంటని అడుగుతుంది. వైరంటే ఏ వైరు, ఎక్కడ అని అడుగుతుంది. అమ్మ సగం విని ఊరుకునే మనిషి కాదు. అడుగుతూ అడుగుతూ ఆ ముందు సీటు దాకా వస్తుంది. అక్కడ కూర్చుని చూస్తుంది.

పెద్దది ఈసారి వల్లె వేసిన మాట చెప్పలేదు. అమ్మ కళ్ళలోకి చూసి, ఆలోచించుకుని, చెప్పింది.

"పంపే అమ్మా. నువ్వు చెప్పిందే."

అమ్మ తల ఊపింది. ఊపుతూనే ఉంది. తర్వాత వంగి, ఒక్కొక్క చెప్పూ విప్పి గోడ వారగా పెట్టింది. కూతురి చెంప మీది గ్రీజు మరకని బొటనవేలితో తుడిచింది. అది పోలేదు, ఇంకాస్త పాకింది.

"నువ్వు వస్తూ ఉండు," అంది. "బస్సులో రా."

తలుపు మూసేసింది.