ఫిరంగి పీకేసిన బండి

అట్టపెట్టెలో వచ్చిన ముక్కలు అతికించి బొమ్మ చేశానని చెప్పుకునేవాడిని పళ్ళసెట్ల మేస్త్రీ మనిషి కింద జమకట్టడు. కొన్న చొక్కాకి గుండీ కుట్టుకుని దర్జీననుకునే రకం అంటాడు. ఆ రకంలో మొదటివాడు అతని యజమాని, పళ్ళ డాక్టరు.

ఇరవై ఆరేళ్ళుగా మేస్త్రీ ఆ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. ముందు గదిలో డాక్టరు జనం నోళ్ళు తెరిపించి అచ్చు తీస్తాడు. కిటికీ లేని వెనక గదిలో మేస్త్రీ ఆ అచ్చు మీద మైనం పోసి, పన్ను పక్కన పన్ను పేర్చి, సానపట్టి నిగనిగలాడిస్తాడు. ఊరి పెద్దమనుషుల్లో సగం మంది అతని పనితనంతోనే నవ్వుతున్నారు. పొగడ్త మాత్రం డాక్టరుకి.

ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒకటే, యుద్ధపు బండ్ల నమూనాలు. డాక్టరు కిట్లు తెప్పించి, కాగితంలో చెప్పిన నంబర్ల ప్రకారం అతికించి, అద్దాల బీరువాలో ముందువైపు మాత్రమే కనిపించేలా పెడతాడు. మేస్త్రీ ఒక్క ముక్క కూడా కొనడు. ప్లాస్టిక్ షీటు, డబ్బా రేకు, అయిపోయిన పెన్ను రీఫిలు, తెగిన గిటారు తీగ, పళ్ళసెట్లకు వాడే గులాబీరంగు పొడి, వీటితోనే చక్రం దగ్గర్నుంచి మేకు దాకా తనే చేస్తాడు. అదీ మామూలు టాంకులు కాదు. యుద్ధం అయిపోయాక జనం కోసి, అతికి, మరో పనికి పెట్టుకున్న సంకర బండ్లు. ఫిరంగి పీకేసి క్రేను బిగించిన టాంకు, మందుగుండు లారీని మార్చి చేసిన శవాల బండి, అలాంటివి. వాటికి కిట్లు ఉండవు గనక డాక్టరు వాటి జోలికి రాలేడు. మేస్త్రీ సంతోషంలో సగం అదే.

రెండేళ్ళుగా అతను కడుతున్నది అగ్నిమాపక టాంకు. నలభై అయిదేళ్ళ కిందట ఈ ఊరి మునిసిపల్ గ్యారేజీలోనే చేశారట. తిరిగే ఫిరంగి తీసేసి, ఆ చోట నీళ్ళ ట్యాంకు, పంపు బిగించారు. దానికి మిగిలిన ఆధారం పాత పత్రికలో ఒక్క ఫొటో. అందులో ముందువైపు కనిపిస్తుంది, వెనకవైపు కనిపించదు. కింద ‘నిప్పులోకి నడిచే బండి’ అని రాసి ఉంది. ఆ మూడు మాటలనుంచి మేస్త్రీ ఒక పురాణమే అల్లాడు. మండుతున్న నూనె గోదాములోకి బండి దూసుకుపోయిందనీ, లోపల చిక్కుకున్నవాళ్ళను మోసుకొచ్చిందనీ చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మాడు. వెనకవైపు ఎలా ఉండేదో కనుక్కుందామని గ్రంథాలయాలు గాలించాడు, ఆఫీసులకు ఉత్తరాలు రాశాడు. ఎక్కడా జవాబు లేదు. గుమాస్తాల జాతినంతటినీ తిట్టుకుని, ఊహించి కట్టేశాడు. రెండు రెక్కల తలుపు, ఎనిమిది బందులు, ఒక్కో బందుకి నాలుగు మేకులు. గీత గీసినట్టు, ముద్దొచ్చేలా ఉంది.

ఈ పని అంతా భోజనాల బల్ల మీదే జరిగేది. బల్లకి అవతలి కొసన కూర్చుని అతని అత్తగారు కూర తరిగేది. ఆరేళ్ళుగా ఆవిడ కూతురి దగ్గరే ఉంటోంది. కుడి చెవి వినపడదు. ఒకప్పుడు ఆవిడ ఆ గ్యారేజీలోనే పనిచేసిందని మేస్త్రీకి పెళ్ళినాడే తెలుసు. చీపురు పట్టి ఉంటుందనుకున్నాడు. అడగవలసినంత విషయంగా తోచలేదు. ఒకసారి ఆవిడే కత్తిపీట ఆపి, “అల్లుడుగారూ, ఆ బండి...” అని మొదలుపెట్టింది.

“మీకర్థం కాదులెండి అత్తయ్యా,” అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ మళ్ళీ కూర తరుక్కుంది.

ఏటా జరిగే పోటీ బడి హాల్లో పెట్టారు. నమూనాల సంఘానికి అధ్యక్షుడు డాక్టరే, న్యాయనిర్ణేతా డాక్టరే. పొడుగు బల్లల మీద ముప్పై నలభై టాంకులు బారులు తీరి ఉన్నాయి. అన్నీ కిట్లే. ఒకే అచ్చులో పోసినవాటికి బురద ఎవరు బాగా పూశారన్నదే తేడా. మేస్త్రీ వాటి మధ్య ముక్కు మూసుకుంటున్నవాడిలా నడిచాడు.

డాక్టరు భూతద్దం పట్టుకుని అతని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ముందువైపు బాగానే ఉందయ్యా మేస్త్రీ. వెనకవైపుకి ఆధారం ఏమిటి?”

“బుర్ర, డాక్టరుగారూ. ఇంజను ఇక్కడుంటే తలుపు అక్కడే ఉండాలి. ఇంకోలా ఉండే వీలే లేదు.”

“ఊహకి మార్కులెయ్యలేం కదా!”

“నిజమే. పెట్టెలో ఊహ అమ్మరు. అందుకే మీకు అలవాటు లేదు.”

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. డాక్టరు మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే మేస్త్రీ భార్య తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. అమ్మ చూస్తానందండీ అని మాత్రం చెప్పింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, బండి వెనకవైపుకి వంగి, హాలంతా వినపడేలా అంది. చెవి వినపడనివాళ్ళ గొంతు అది.

“ఈ తలుపేంటి, పెళ్ళివారింటి తలుపులా ఉంది?”

“అత్తయ్యా, మీరు అటు కూర్చోండి.”

“రెండు రెక్కలెక్కడివి? ఒకటే రెక్క. పక్కకి కాదు, పైకి లేచేది. పాత బస్సు వెనకద్దం చట్రం కోసి తగిలించాం. అతుకు నేనే వేశాను.”

డాక్టరు భూతద్దం దించాడు. “మీరు... వెల్డింగు చేసేవారా అమ్మా?”

“పదకొండేళ్ళు చేశాను. ఈ చెవి ఆ రేకులమీద సుత్తి మోతకే పోయింది.”

“ఏం మేస్త్రీ!” డాక్టరు పకపకా నవ్వాడు. “ఆధారాన్ని ఇంట్లో పెట్టుకుని ఊళ్ళమీద పడ్డావా?”

ఆవిడ అతనివైపు తిరిగింది. “నువ్వెవరు నాయనా? వీటిలో నువ్వు చేసిందేది?”

డాక్టరు గర్వంగా తన టాంకు చూపించాడు. ఆవిడ ఒక్క క్షణం చూసి, “ఇది బజార్లో దొరుకుతుందిగా,” అనేసి కుర్చీ వెతుక్కుంది.

బహుమతి ఇంకెవరికో వెళ్ళింది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది.  ఇంటికొచ్చాక భార్య మీద విరుచుకుపడ్డాడు.

“మీ అమ్మకి తెలుసని నాకెందుకు చెప్పలేదు?”

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికింది మీరు. మధ్యలో నన్నంటారేం? ఆవిడ చెప్పబోతే వద్దన్నదీ మీరే.”

నాలుగు రోజులు బండి గుడ్డకింద ఉండిపోయింది. అత్తగారు ఎప్పటిలాగే కూర తరిగింది. ఆవిడ దెప్పకపోవడమే అతన్ని ఎక్కువ గుచ్చింది. అయిదో రోజున కాగితం, పెన్సిలూ పట్టుకుని ఆవిడ ఎడమచెవి వైపు కూర్చున్నాడు. 

“తలుపు... ఎంత వెడల్పు ఉండేది అత్తయ్యా?”

“నాకర్థం కాదులెండి అల్లుడుగారూ,” అంది ఆవిడ, ఇంకో కాయ అందుకుంటూ.

అతను లేవలేదు. ఆవిడ ఆ కాయంతా తరిగేదాకా కూర్చోబెట్టి, అప్పుడు చెప్పింది. తలుపు రెండు మూరలు. నీళ్ళ ట్యాంకు పాల లారీది, నిలువుగా కోసి సగమే వాడారు. ఎడమవైపు రేకు తక్కువైతే దుకాణం బోర్డు తిప్పి అతికారు. మేయరు వస్తున్నాడని ఎనిమిది రోజుల్లో పూర్తి చేయమన్నారు.

“మరి నూనె గోదాము మంటలు? ఆ రోజు మీరక్కడే ఉన్నారా?”

“ఏ మంటలు?”

“బండి లోపలికెళ్ళి మనుషుల్ని...”

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. “అది నిప్పు మొహం ఎప్పుడు చూసింది? మా సూపరింటెండెంటు బుర్రలో పుట్టిన దరిద్రం అది. గేటు దాటి నాలుగు వీధులు వెళ్ళిందో లేదో బరువుకి రోడ్డు కుంగి మురుగు కాలవలో కూలబడింది. మూడు రోజులు ఆ వీధిలో ఎవరూ అన్నం తినలేకపోయారు. ఆర్నెల్లకి తుక్కు కింద కోసేశాం. కోసింది కూడా నేనే.”

మేస్త్రీ పెన్సిలు కింద పెట్టేశాడు. రెండేళ్ళు తను కొలిచింది ఒక మురుగు కాలవలో పడ్డ తుక్కునా? డాక్టరుకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఆ రాత్రికే బండిని చెత్తబుట్టలో పారేద్దామనుకున్నాడు. కానీ పొద్దున లేచేసరికి చేతులు ఊరుకోలేదు. తలుపు పీకేశాడు. సగం ట్యాంకు చేశాడు, తిరగేసిన బోర్డు చేశాడు, ఒంటిరెక్క తలుపు పెట్టాడు. ఆవిడ చూసి పెదవి విరిచింది.

“మరీ నున్నగా ఉంది. మేం ఏడుస్తూ వేసిన అతుకులివి. నువ్వేమో పళ్ళు కట్టినట్టు కట్టావు.”

‘మీరు’ ‘నువ్వు’ అయిందని ఇద్దరూ గమనించలేదు. అతను వంకరగా వెయ్యడానికి ప్రయత్నించాడు. ఇరవై ఆరేళ్ళు సూటిగా పేర్చిన చెయ్యి వంకర పోనంది. పోయినా, నటిస్తున్న వంకరలా కనిపించింది. ఆవిడ విసుక్కుని సోల్డరింగ్ ఇనుము లాక్కుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ చెయ్యి వణుకుతోంది. ఇనుము రేకు అంచున పాకుతూ, ఆగుతూ, ముద్దలు ముద్దలుగా సీసం వదిలింది.  మేస్త్రీ చూపు తిప్పుకోలేకపోయాడు. బండి మొదటిసారి నిజం బండిలా ఉంది. అలవాటుగా అతని చెయ్యి ఆకురాయి మీదికి పోతే ఆవిడ ఫెడీమని ఒక్కటి వేసింది.

బండిని మళ్ళీ కట్టిన సంగతి డాక్టరుకి తెలిసింది. వెనక గది గుమ్మంలో నిలబడి, “మన బీరువాలో పెడదామయ్యా, మంచి చోటిస్తాను,” అన్నాడు.

“మీ బీరువాలో ఇమడదు డాక్టరుగారూ, దీనికి వెనకవైపు ఉంది,” అన్నాడు మేస్త్రీ మైనం కరిగిస్తూ.

ఆ బండి గ్యారేజీలో ఉండాలని అత్తగారి కోరిక. ఒక సెలవురోజు ఉదయం ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. చెత్త లారీల మధ్య, నూనె మరకల నేల మీద పనివాళ్ళు మూగారు. కొత్త ఫోర్‌మన్ బండిని ఎత్తి, తిప్పి చూసి మొహం చిట్లించాడు.

“పనితనం గొప్పగా ఉందిగానీ, ఈ వెనకాల ఇంత దరిద్రపు అతుకు ఎవరు వేశారండీ?”

“నేనే,” అంది ఆవిడ. “అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే. ఎనిమిది రోజుల్లో నువ్వు ఇంతకంటే బాగా వేస్తావా?”

ఫోర్‌మన్ తడబడి, నవ్వి, బండిని మేస్త్రీ చేతిలో పెట్టి, తన వెల్డింగు యంత్రం చూపిస్తానని ఆవిడను షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పనివాళ్ళు వాళ్ళ వెంట వెళ్ళారు. లోపలినుంచి ఆవిడ ఎవరి అతుకునో తిట్టడం గట్టిగా వినిపించింది. మేస్త్రీని ఎవరూ రమ్మనలేదు. కాసేపు అక్కడే నిలబడి, బండిని రెండు చేతులా పట్టుకుని, తనే వెనకాల నడిచాడు.