రాణి వాగా, పాలపిల్ల వాగా

సైన్యం గీస్తున్న పటాల కోసం కొండల పేర్లూ వాగుల పేర్లూ రాసుకునే పని దొరికినప్పుడు టోర్కల్ ఎగిరి గంతేశాడు. హారిస్ సీమలో పుట్టినవాడు, అక్కడి గేలిక్ భాష ఉగ్గుపాలతో వచ్చింది. పక్కనే ఉన్న లూయిస్ సీమ పడమటి తీరానికి వచ్చాక గానీ, సొంత భాషే పొలిమేర దాటితే చెవికి చిక్కదని తెలియలేదు.

అక్కడ వాగు ఒడ్డున బెహక్, ఆమె అన్న ఫిన్లా ఉంటారు. ఇద్దరికీ తలలు నెరిశాయి.

"ఈ వాగు పేరేంటి పెద్దమ్మా?"

"బనరాఖ్ వాగు నాయనా. పాలు పితికే పిల్ల ఒకతె ఇందులో కొట్టుకుపోయిందట. మా అమ్మ చెప్పేది."

పొయ్యిలోకి ఎండిన పీట్ మట్టిగడ్డలు ఏరుతున్న ఫిన్లా చివాలున లేచాడు. "కాదు! బన్రీ వాగు. రాణి దిగి నీళ్ళు తాగింది. నాన్న చెప్పాడు."

"రాణికి ఈ బురదనీళ్ళే దొరికాయా?"

"పాలపిల్ల మునగాలంటే ముందు మోకాలి లోతైనా ఉండాలిగా!"

టోర్కల్‌కి రెండు మాటలూ ఒకేలా వినిపించాయి. మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇంకా కలిసిపోయాయి. అవతలి ఒడ్డున ఒకావిణ్ణి అడిగితే, "మేం వాగనే అంటాం. ఇక్కడ రెండో వాగుంటే కదా పేరుతో పని" అంది.

చివరికి పాలపిల్ల పేరే రాసుకున్నాడు.

తెల్లారేసరికి బెహక్ శాలువా కప్పుకుని టోర్కల్ గుడారం దగ్గరికొచ్చింది. "అన్న చెప్పిందే రాసెయ్ బాబూ. రాత్రి జావ ముట్టలేదు. నేనొచ్చానని మాత్రం చెప్పకు."

కొట్టేసి రాణి అని రాశాడు. సిరా ఆరకముందే సముద్రపు గట్టు మీదుగా ఫిన్లా దిగాడు. "చెల్లెలి మాటే రాయి. అమ్మ పోయినప్పుడు నేను పడవ మీదున్నాను. కడపటి మాటలు విన్నది అదే."

"మరి నిన్న అంత గట్టిగా అన్నారే?"

"దాని ముందు ఓడిపోమంటావా?"

టోర్కల్ తల పట్టుకున్నాడు. ఏది రాస్తే ఎవరిని గెలిపించినట్టు? అసలు నిజం ఎటు పోయింది? ఇంతలో పటాల పని చూసే సార్జెంట్ వచ్చి, ఏదో ఒకటి తేల్చమని కసిరాడు. టోర్కల్ పాలపిల్ల అన్నాడు. ఎందుకన్నాడో తనకే తెలియదు.

తేల్చిన పేరు చెప్పి వెళ్దామని ఆ ఇంటికి పోతే అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కటై విరుచుకుపడ్డారు.

"నిన్నగాక మొన్నొచ్చావు, మా వాగుకి పేరు తేల్చడానికి నువ్వెవరివోయ్?"

"మార్చమని పొద్దున వచ్చింది మీరిద్దరే కదా!" నోరు జారాక నాలిక కరుచుకున్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫిన్లా గిరుక్కున తిరిగి పొయ్యి కెలకసాగాడు. బెహక్ శాలువా అంచుతో కళ్ళొత్తుకుని, వెన్న రాసిన ఓట్స్ రొట్టె టోర్కల్ చేతిలో పెట్టింది.

"నాకైనా చెప్పండి పెద్దమ్మా, నిజమేది?"

"ముందు తిను."

తింటూనే బయల్దేరాడు. గుమ్మం దాటగానే లోపల మళ్ళీ గొడవ మొదలైంది. ఈసారి రాణి అంటున్నది ఎవరో, పాలపిల్ల అంటున్నది ఎవరో ఎంత చెవి ఒగ్గినా అంతుపట్టలేదు.