ఎర్రదారం దాటిన చేప

మోంటానాలో మిసూరి నది ఒడ్డున ఆ ఊళ్ళో ఆర్లో అనే అతన్ని మించిన కోతలరాయుడు లేడు. అతని నోట్లో పడితే జానెడు చేప బారెడవుతుంది. గోరంతలు కొండంతలు చేసీ చేసీ, చివరికి కట్టుకున్న భార్య కూడా అతని మాట నమ్మడం మానేసింది. ఈమధ్య అది అతనికి నిజంగానే బాధగా ఉంది. కాఫీ హోటల్లో ఒక్కసారైనా ఎవరిచేతైనా "ఔనా!" అనిపించుకోవాలని ఆశ.

జనవరిలో ఒక మధ్యాహ్నం వదిన థెల్మాతో కలిసి చేపల వేటకెళ్ళాడు. ఆవిడ అతని భార్యకి అక్క. పేకాటలో తన పేరున పొరపాటున ఒక పాయింటు ఎక్కువ పడితే పట్టుబట్టి కొట్టేయించే మనిషి. గాలం కర్ర రింగుల్లో నీళ్ళు గడ్డకడుతుంటే, కర్రని నదిలో ముంచి కరిగించుకుంటూ, ఎరగా ఈకతో కట్టిన ఆవగింజంత ఉత్తుత్తి ఈగని లోతు మడుగులోకి వదులుతున్నారిద్దరూ. ఆ చలికి ట్రౌట్ చేప కదలదు. మేత మూతి ముందుకొస్తేనే నోరు తెరుస్తుంది.

ఆర్లో ఈగకి ఒకటి నోరు తెరిచింది. చాలాసేపు లాగులాడి దాన్ని మోకాళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. చేతి తొడుగు తీసి, చెయ్యి తడిపి, చేపని నీళ్ళలోనే కర్ర పక్కన ఆనించాడు. కొలత కోసం కర్రకి ఇరవై అంగుళాల దగ్గర ఎర్రదారం చుట్టి ఉంది. తోక దాన్ని దాటిపోయింది.

"అమ్మ బాబోయ్! పైకెత్తు ఆర్లో, ఫోటో తీస్తా. నీళ్ళలో మెరుపు తప్ప ఏం కనపడట్లేదు."

ఎత్తబోయి ఆగాడు. "ఈ చలిలో గాల్లోకి లేపితే మొప్పలు గడ్డకడతాయి వదినా. ఇప్పుడు ఈదుకుంటూ పోయినా రేపటికి చస్తుంది."

ఆవిడ నాలిక కరుచుకుంది. "నిజమేనయ్యా. మరి హోటల్లో నిన్నెవరు నమ్ముతారు?"

"ఎవరూ నమ్మరు," అని వదిలేశాడు. ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం హోటల్లో, రైలు నడిపి రిటైరైన లోవెల్ అడగనే అడిగాడు. "ఏం పడిందోయ్?"

తగ్గించి చెబితేనన్నా నమ్ముతారేమోనని, "ఇరవై అంగుళాలది," అన్నాడు ఆర్లో.

"నీ లెక్కలో సగం కొట్టేస్తే పది. ఫోటో ఏదీ?"

"తీయలేదు."

హోటలంతా పగలబడి నవ్వింది. థెల్మా తింటున్న ఆపిల్ కేకు పక్కకి జరిపింది. "అబద్ధమాడుతున్నాడు," అంది. నవ్వులు ఇంకా పెరిగాయి. ఆర్లో తల వంచుకున్నాడు.

"ఇరవై కాదది, ఇరవై నాలుగు. దారం దాటి బెత్తెడు తోక పోవడం ఈ కళ్ళతో చూశాను. మీ వెటకారాలకి జడిసి తగ్గించి చెప్పాడు, పిచ్చి మారాజు."

నవ్వులు ఆగిపోయాయి. థెల్మా నోట తప్పు లెక్క రాదని అక్కడ అందరికీ తెలుసు.

"ఔనా!" అన్నాడు లోవెల్.