కొత్త చెంప

షాపు తెరవగానే ఆవిడ చేసే మొదటి పని సీసాలన్నిటినీ వెనక్కి తిప్పడం. ముందువైపు పువ్వులూ, ముత్యాలూ, నవ్వే అమ్మాయిల బుగ్గలూ ఉంటాయి. వెనకవైపు కళ్ళు చికిలించి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో లోపల నిజంగా ఏముందో ఉంటుంది. యజమానికి ఈ తిప్పడం బొత్తిగా గిట్టదు. ఆవిడ అటు వెళ్ళగానే ఒక్కొక్కటీ మళ్ళీ ముందుకు తిప్పేస్తాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ సీసాలు తిప్పుకుంటూనే ఉన్నారు గానీ, నోరు తెరిచి ఒక్క మాట అనుకోలేదు. జనం వచ్చేది ఆవిడ కోసమేనని ఆయనకీ తెలుసు.

ఆ రోజు ఒక టీచరమ్మ గులాబీ క్రీము డబ్బా పట్టుకుని నిలబడింది.

"ముందు రాసింది వాళ్ళు చెప్పుకునేది. వెనక రాసింది వాళ్ళు చెప్పక తప్పనిది. వెనక చదవండి," అంది ఆవిడ. "ఎక్కువున్న సరుకు మొదట రాస్తారు, తక్కువున్నది చివర. చూడండి, మొదట నీళ్ళు. తర్వాత గ్లిజరిన్, మంచిదే. తర్వాత మైనం. ఆఖరికి సువాసన కూడా అయిపోయాక అట్టడుగున గులాబీ. డబ్బా మొత్తానికి ఒక రేకు కూడా పడి ఉండదు."

"మరి నన్నేం కొనమంటావమ్మా?"

"మీది పొడి చర్మం. వాసన లేనిది, గ్లిజరినూ, చర్మంలో తడి ఆరనివ్వని సెరమైడ్లూ మొదట్లోనే ఉన్నది తీసుకోండి. ముందు మోచేతి మడతలో చుక్క పెట్టి ఒక రోజు చూడండి. మంట పుట్టకపోతే అప్పుడు మొహానికి..."

మాట పూర్తి కాలేదు. ఎవరో కొట్టినట్టే ఆవిడ తల పక్కకి తిరిగిపోయింది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలాయి. పెదవి చివర చిట్లి, కౌంటరు అద్దం మీద రక్తం చుక్క పడింది. నిలదొక్కుకునేలోగా ఇంకొకటి పడింది, దాని వెనకే ఇంకొకటి. అలమర పట్టుకుని నిలబడింది ఆవిడ.

టీచరమ్మ పర్సులోంచి రుమాలు తీసిచ్చి గోడ గడియారం వైపు చూసింది. "మీ చెల్లెలి ఇంట్లో భోజనాల వేళ అయినట్టుంది," అంది.

"అవునండీ. ఇవాళ కాస్త ముందే వచ్చినట్టున్నాడు," అంది ఆవిడ పెదవి తుడుచుకుంటూ. అద్దం మీద పడ్డ చుక్క కూడా తుడిచి, క్రీము పొట్లం కట్టి ఇచ్చింది.

ఆవిడా, చెల్లెలూ కవలలు. ఒకరి ఒంటికి రాసింది రెండోవాళ్ళ ఒంటికి అంటుతుంది, ఒకరికి తగిలింది ఇద్దరికీ తగులుతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒకదానికే స్నానం చేయించి, రెండోదానికి బట్టలు మార్చి ఊరుకునేది. చెల్లి బురదలో పొర్లితే ఇంట్లో బుద్ధిగా కూర్చున్న అక్క తన్నులు తినేది, ఆ తన్నులు చెల్లికీ పడేవి గనక లెక్క సరిపోయేది. పరీక్షల్లో అక్క అరచేతిలో రాసుకున్నది చెల్లి అరచేతిలో తేలుతోందని కనిపెట్టాక, బళ్ళో వాళ్ళిద్దరికీ వేరే వేరే ప్రశ్నపత్రాలు ఇచ్చేవారు. అమ్మకి మాత్రం ఇందులో కలిసొచ్చిందే ఎక్కువ. "ఒక్క సబ్బుబిళ్ళతో ఇద్దర్ని పెంచాను," అని చెప్పుకునేది.

చెల్లి పెళ్ళయ్యాక ఆ నవ్వులన్నీ ఎగిరిపోయాయి. మరిదికి హార్డువేరు కొట్టుంది, దాని వెనక వీధిలోనే ఇల్లు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి చెల్లిని కొడతాడు. కూరలో ఉప్పెక్కువైందని ఒకనాడు, తక్కువైందని ఇంకొకనాడు, ఉప్పు సరిగ్గా కుదిరిననాడు మొహం మాడ్చుకుని వడ్డించిందని. కొట్టి, తిని, గేటుకి తాళం వేసి, తాళంచెవి చొక్కాజేబులో వేసుకుని కొట్టుకి పోతాడు. ఆమె ఫోను ఎప్పుడో గోడకేసి బద్దలుకొట్టాడు. ఒకసారి అక్క ఉండబట్టలేక తన చేతి మీద పెన్నుతో "ఎలా ఉన్నావే" అని రాసింది. చెల్లి చేతి మీద అది తేలడం మరిది చూశాడు. ఆమె వేళ్ళు తలుపు సందులో పెట్టి తలుపు నొక్కాడు. ఇక్కడ షాపులో అక్క డబ్బాలన్నీ జారవిడిచి కింద కూర్చుండిపోయింది. ఆనాడు ఇద్దరి గోళ్ళూ నల్లబడ్డాయి, అప్పట్నుంచీ ఆవిడ పెన్నుతో ఒంటి మీద ఏమీ రాయలేదు.

రాయగలిగింది క్రీములే. దెబ్బ పడ్డ ప్రతిసారీ స్టోరు గదిలోకి వెళ్ళి అద్దం ముందు కూర్చునేది. వాపు తీయడానికి ఆర్నికా, కమిలిన నీలం పోవడానికి విటమిన్ కె ఉన్నది, చిట్లిన చోటికి పాంథెనాల్, మచ్చ మిగలకుండా నియాసినమైడ్. చిట్లిన చర్మం మీద సువాసనలు, ఆల్కహాలు, ఆమ్లాలు ఉన్నవేవీ తగలనిచ్చేది కాదు. తన చెంపకి రాస్తుంటే ఊరికి అటు చివర చెల్లి చెంప చల్లబడుతుందని ఆవిడకి తెలుసు. తెల్లవారేసరికి ఇద్దరి మొహాలూ నున్నగా ఉండేవి. ఆ పనితనం చూసుకుని లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"రేపు మావయ్య ఇన్‌స్పెక్టర్ని తీసుకొస్తానన్నాడే. మనమూ వెళ్దాం. దాన్ని తెచ్చేసుకుందాం," అంది.

అక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. రేపు పరాయివాళ్ళ ముందు చెల్లి వాచిన మొహంతో నిలబడకూడదనుకుంది. అంత శ్రద్ధగా ఆవిడ ఎన్నడూ రాసుకోలేదు. ఆర్నికా మీద ఆర్నికా, ఆ పైన ఇంకో పూత. చివర్లో కాస్త మెరుపొచ్చేదేదో కూడా అద్దింది, చెల్లి కళగా కనబడాలని.

మర్నాడు మరిది గేటు తీసి అందరికీ కుర్చీలు వేశాడు. చెల్లి లోపలి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"దెబ్బలేవమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెల్లి నోరు తెరవబోయింది. మరిది దగ్గరికి వెళ్ళి ఆమె గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పాడు. "మీరే చూడండి సార్. పెళ్ళినాటి కంటే మెరిసిపోతోంది. కొట్టే ఇంట్లో ఆడదాని మొహం ఇలా ఉంటుందా?"

"అలా కాదండీ," అన్నాడు మావయ్య. "దీని మొహం సంగతి దాని అక్క మొహం చూస్తే తెలుస్తుంది కదా. ఇద్దరిదీ ఒకటే."

ఇన్‌స్పెక్టరు అక్క వైపు చూశాడు. ఆ చెంపా నిగనిగలాడుతోంది. "ఈవిడకీ ఏమీ లేదుగా," అన్నాడు.

"రోజూ కొడతాడు బాబూ," అంది అమ్మ.

"చెబితే చాలదమ్మా. నాకు మచ్చ కనబడాలి," అని ఆయన లేచాడు.

చెల్లి అక్క వైపు చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు, అలసట ఉంది. అక్కకి తన పదివేళ్ళూ నరుక్కోవాలనిపించింది.

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన మరిది అందరినీ ముందుకు పోనిచ్చి, అక్క దగ్గర గొంతు తగ్గించాడు. "ఏం రాస్తున్నారో గానీ వదినా, భలే పనిచేస్తోంది. రోజుకో కొత్త చెంప పంపిస్తున్నారు. మానకండేం."

వాళ్ళ బస్సు మలుపు తిరగకముందే మొదటి బెల్టు దెబ్బ పడింది. అక్క సీట్లోంచి ముందుకి పడిపోయింది. తర్వాత వీపు మీద, భుజాల మీద, పిక్కల మీద. బకిల్ తగిలిన చోటల్లా జాకెట్టు తడిసింది. అమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, ఏ దెబ్బకీ అడ్డం పెట్టలేని చేతుల్ని అడ్డం పెడుతూ కూర్చుంది. కండక్టరు నీళ్ళిచ్చాడు. వీపు మీద బట్ట అంటుకుపోయి, ఆ రాత్రి ఆవిడ బోర్లా పడుకుంది. పంటి బిగువున ఏడుస్తూ ఒకటే అనుకుంది, వాణ్ణి వదలకూడదు. ఇలా వదిలేస్తే ఏదో ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒకేసారి పోతారు.

పొద్దున్నే షాపుకెళ్ళి సీసాలన్నీ వెనక్కి తిప్పింది. ఇన్నేళ్ళూ ఏది మాన్పుతుందా అని చదివిన కళ్ళతో, ఆ రోజు ఏది కాలుస్తుందా అని చదివింది. నొప్పులకి రాసుకునే క్రీముల వరస దగ్గర ఆగింది. మొదటి దాంట్లో కర్పూరముంది, వాసనకి పట్టుబడిపోతారు. రెండోదాంట్లో మెంతాల్, అది చల్లబరిచే రకం. ఇంకోటి పసుపుపచ్చగా ఉంది. అన్నిటికీ వెనక దుమ్ముకొట్టుకుని ఉన్న ట్యూబులో మిరపకాయ సారం తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. వాసన లేదు, రంగు లేదు, పాళ్ళు మాత్రం దండిగా ఉన్నాయి. అడుగున హెచ్చరిక ఉంది, కళ్ళకు తగలనివ్వరాదని. అది చదివి ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఎవరికి, నొప్పి?" అన్నాడు యజమాని.

"మా మరిదికి. చెయ్యి నొప్పి."

"పాపం, ఎప్పట్నుంచి?"

"ఇంకా రాలేదండీ."

యజమాని ఆవిడ వీపు మీద రక్తపు చారలు చూసి, ఇంకేమీ అడగకుండా ట్యూబు చేతిలో పెట్టాడు.

చెల్లికి చెప్పకుండా రాయడానికి మనసొప్పలేదు, మండేది ఆ చెంప కూడాను. ఊరందరికీ చెప్పే పనే తనూ చేసింది. మోచేతి మడతలో ఒక చుక్క పెట్టి చూస్తూ కూర్చుంది. చర్మం ఎర్రబడి సుర్రుమంది. అక్క ఏది కొన్నా ముందు అక్కడే చుక్క పెడుతుందని చెల్లికి చిన్నప్పట్నుంచీ తెలుసు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ చుక్క పక్కనే ఇంకోటి మండడం మొదలుపెట్టింది. పచ్చటి రసం, అందులో ఒక మిరప గింజ. చెల్లి వంటింట్లో పచ్చిమిరపకాయ తుంచి, సరేనన్నట్టు తన మోచేతి మీద రుద్దుకుంది.

అక్క ఇంక ఆలస్యం చెయ్యలేదు. ముందు సిలికాన్ ఉన్న క్రీము దట్టంగా పట్టించింది. అది పైకి కనబడదు, చర్మానికి పొరలా అడ్డం ఉంటుంది. అది ఆరాక దాని మీద మిరప క్రీము, చెవి నుంచి గడ్డం దాకా. పొర ఎంత ఆపినా మంట ఎముకదాకా దిగింది. ఆవిడ కౌంటరు పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళకి సబ్బులు అమ్మింది.

అన్నాల వేళకి దెబ్బ పడింది. బలంగానే పడింది, నోట్లో రక్తం ఊరింది. కళ్ళు గట్టిగా మూసుకుని రెండోదాని కోసం కాచుకుంది. ఒక్కదానితో ఆగినవాడు కాడు. రెండోది రాలేదు.

కళ్ళు తెరిచి ఒళ్ళంతా తడుముకుంది. ఎవరో లాగినట్టు జుట్టు కుదుళ్ళు నొప్పెట్టి, అంతలోనే వదిలేశాయి. కొంతసేపటికి కుడి అరచేతిలో నొక్కుకున్నట్టు ఒక గుర్తు పడింది. చూస్తే తాళంచెవి ఆకారం. ఎవరో దాన్ని పిడికిట్లో చచ్చేంత గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ గబగబా చెప్పులు విడిచి, స్టూలు మీద కూర్చుని పాదాలు తిప్పి చూసుకుంది. అరికాళ్ళు నల్లబడుతున్నాయి. ముందు వీధి దుమ్ము, ఆ తర్వాత రోడ్డు తారు, ఎక్కడో చిన్న గాజుపెంకు గీత. నేలకి ఆనకుండా స్టూలు మీదే ఉన్న అరికాళ్ళు అలా మురికవుతుంటే, ఆవిడ యజమాని ముందే వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన వెళ్ళి షాపు తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

చెల్లి లోపలికి వచ్చి స్టూలు మీద అక్క పక్కనే ఇరుక్కుని కూర్చుంది. ఊపిరి అందాక చెప్పింది.

"ఒక్కటే కొట్టాడే. కొట్టి, అదే చేత్తో చెమట తుడుచుకున్నాడు. అంతే, కళ్ళు పట్టుకుని కింద పడి దొర్లాడు. నీళ్ళు నీళ్ళని ఒకటే అరుపు."

"ఇచ్చావా?"

"చెంబు నిండా ఇచ్చాను. మిరప మంట నూనెతోనే పోతుంది, నీళ్ళతో ఇంకా పాకుతుందని నువ్వే కదా చెప్పావు. జేబులో తాళంచెవి తీస్తుంటే నా జుట్టు పట్టుకున్నాడు. పక్కన పెనముంటే ఎత్తి మోకాలి మీద ఒక్కటేశాను, చెయ్యి వదిలేశాడు. రెండోది కూడా వెయ్యాలనిపించింది. నీ చెయ్యి నొప్పెడుతుందని ఊరుకున్నాను."

"వెయ్యాల్సిందే," అంది అక్క.

ఆవిడ తన చెంపకి నూనె రాసి తుడిచింది, ఇద్దరికీ మంట తగ్గింది. వేళ్ళ గుర్తులు మాత్రం ఎత్తుగా అలాగే ఉన్నాయి, ఉంగరం గీతతో సహా. అలవాటుగా ఆవిడ చెయ్యి ఆర్నికా ట్యూబు మీదకి పోయింది, మూత కూడా తిప్పేసింది. చెల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమీ రాయకే. ఉండనీ."

అక్క మూత పెట్టేసింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు అప్పుడే చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ కిటికీ వెలుతురులో నిలబడి, ఆయన అడగకముందే ఎడమ చెంపలు ఆయన వైపు తిప్పారు. ఆయన ఒక మొహం చూశాడు, తర్వాత రెండోది చూశాడు. తర్వాత రెండు కుర్చీలు వేయించి, కాగితం ముందుకు లాక్కుని, ఏం జరిగిందో చెప్పమని అక్కని అడిగాడు.

అక్క చెల్లి వైపు తిరిగింది. చెల్లి కుర్చీ ముందుకు జరుపుకుని, పెళ్ళయిన రోజు దగ్గర్నుంచి తనే చెప్పడం మొదలుపెట్టింది.