నల్ల అంచు థాంక్యూ

తణుకులో నాది ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. బకెట్లు, మగ్గులు, కుర్చీలు, తాళ్ళు, టేపులు అన్నీ దొరుకుతాయి. కాబట్టి ఉదయ్‌భాస్కర్ అనబడే నేను సామాన్యుణ్ణి కాదండి, సామాన్లుణ్ణి. ఈ జోకు మా కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాను. కొందరు నవ్వుతారు. కొందరు ఇంకో జోకు వినాల్సొస్తుందని బేరం ఆపేసి అడిగినంత ఇచ్చి వెళ్ళిపోతారు. రెండూ నాకు లాభమే.

మా మావగారు గున్నేశ్వరరావుగారికి నిడదవోలులో స్టీలు సామాన్ల కొట్టు. ఆయన సామాను మోగుతుంది, నా సామాను మోగదు. ఆ లోటు నేను నోటితో తీరుస్తుంటానని ఆయన ఫిర్యాదు. అల్లుణ్ణన్నాక మాటలు అల్లనా అని నా సమాధానం. అందుకే నేను ఫోను చేస్తే ఆయన ఎత్తరు. మా ఆవిడ ఇంద్రజ చేస్తేనే ఎత్తుతారు.

ఈమధ్య ఆయనా, మా అత్తగారు దేవకుమారిగారూ కలిసి మా పిల్లలకి బస్సు పార్శిల్లో ఓ పెద్ద క్యారమ్ బోర్డు పంపించారు. అప్పటికి అత్తగారు గుండెకి స్టెంటు వేయించుకుని ఆసుపత్రి నుంచి కొత్తగా ఇంటికొచ్చి ఉన్నారు. ఆవిడది స్టెంటు, నాది రోజూ స్టంటు అన్నాను గానీ ఆ జోకుకి ఇంద్రజ నవ్వలేదు. బోర్డు దిగిన దగ్గర్నుంచీ మా ఇంట్లో బియ్యం కన్నా పౌడరు ఎక్కువ ఖర్చయిపోతోంది.

ఇంతలో మావాడు జయంత్ చదివే నాలుగో క్లాసులో టీచరుగారు ఓ హోంవర్కు ఇచ్చారు. అమ్మమ్మలూ తాతయ్యలూ బహుమతులు పంపిస్తే ఫోన్లో అరిచి ఊరుకోకూడదు, చేత్తో రాసి పోస్టులో థాంక్యూ చెప్పాలట. ఈ కాలం పిల్లలకి థాంకు తెలుసు, క్యూ తెలుసు, పోస్టాఫీసొక్కటే తెలీదు. నేనే వెళ్ళి పోస్టుకార్డు కొనుక్కొచ్చాను.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది అచ్చం మన బోర్డు రంగులోనే ఉంది నాన్నా అన్నాడు. నిజమే. అయితే చుట్టూ ఫ్రేము కావాలన్నాడు. కొట్లో వైర్లకి చుట్టే నల్ల టేపు ఉంది కదా, సన్నగా కత్తిరించి, సగం ఇటూ సగం అటూ మడిచి, నాలుగు వైపులా నేనే నీటుగా అంటించాను. వాళ్ళక్క హర్షిత నల్ల స్కెచ్‌పెన్నుతో నాలుగు మూలలా గుండ్రంగా పాకెట్లు దిద్దింది. మధ్యలో ఎర్ర కాయిను పెట్టింది. దాని చుట్టూ మావాడు తన ముత్యాల్లాంటి, అంటే ఒకదానికొకటి సంబంధం లేకుండా దొర్లిపోయే, అక్షరాలతో థాంక్యూ రాశాడు. వాళ్ళ కళకి మురిసిపోయి, ఆ సాయంత్రమే నేను స్వయంగా డబ్బాలో వేసొచ్చాను.

ఇదంతా జరిగినప్పుడు ఇంద్రజ ఊళ్ళో లేదు. వాళ్ళ బాబాయిగారి మనవడి పుట్టువెంట్రుకలకి కోరుకొండ వెళ్ళింది. మూడోరోజు ఉదయం తిరిగొచ్చి ఇంకా కాళ్ళన్నా కడుక్కోలేదు, జయంత్ నా ఫోన్లో కార్డు ఫొటో చూపించాడు. ఆమె చేతిలోని ప్రసాదం పొట్లం బల్ల మీద పెట్టేసింది.

"ఏమండీ, ఇది పంపేశారా?"

"మొన్ననే."

"చుట్టూ నలుపు, నాలుగు మూలలా నలుపు. దీన్ని చూస్తే మీకేం గుర్తు రాలేదా?"

క్యారమ్స్ గుర్తొచ్చిందన్నాను. ఆ తర్వాతే నాకూ గుర్తు రావాల్సింది గుర్తొచ్చింది. శుభలేఖ అయితే మూలలకి పసుపు. పెద్దకర్మ కార్డయితే నలుపు. నల్ల మూలల కార్డుని మనవాళ్ళు గుమ్మం దాటనివ్వరు. వీధిలోనే చదివి చింపేసి, తలారా నీళ్ళు పోసుకుని గానీ లోపలికి రారు. అక్షరాలు తర్వాత, ముందు అంచు చూసే అంచనా కట్టేస్తారు. అలాంటి కార్డుని, తణుకు నుంచి, స్టెంటున్న అత్తగారికి, సొంత అల్లుణ్ణి నేను పంపించాను. కార్డు నాదైతే కార్డియాలజిస్టు ఖర్చూ నాదేనన్న మాట నోటిదాకా వచ్చింది గానీ ఇంద్రజ ముఖం చూసి మింగేశాను.

ఫోను చేసి చెప్పేద్దామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చావు కబురు మనవాళ్ళు ఎప్పుడైనా తిన్నగా చెప్పారా అని అడిగింది. కంగారేం లేదు అని మొదలెడతారు. ఆ మాట చెవిన పడగానే అవతలివాళ్ళు కూలబడతారు.

"నల్ల కార్డొకటి వస్తుంది, కంగారు పడకమ్మా అని నేనంటే, ఎవరో పోయారు, ఇది నెమ్మదిగా చెబుతోందనే అనుకుంటుంది. మీరు చెబితే జోకనుకుంటారు. పదండి. నలుగురం వెళ్ళి నలుగురం కనబడాలి."

కొట్టు కట్టేశాను. సరుకు తెచ్చే వ్యానులో వెనక బకెట్ల మధ్య పిల్లలు, ముందు మేమిద్దరం. తణుకు వాణ్ణి, తొణకను అని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ పూట హారను కొట్టబోయి వైపరు వేశాను. మామూలుగా చిటికెలో వచ్చేసే నిడదవోలు ఎంతకీ రాదే. వచ్చాక రైలు గేటు పడింది. జంక్షన్ ఊరు కదా, రైళ్ళకి లోటేముంటుంది. గూడ్సు బండి ఒక్కో పెట్టే తీరిగ్గా వెళుతుంటే ఇంద్రజ వాళ్ళమ్మ మందుల పేర్లు దేవుడి పేర్లలా గొణుక్కుంటోంది.

సందు తిరిగేసరికి మావగారు వీధి గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఒంటి మీద తడి పంచె. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కొట్టుకి వెళ్ళిపోయే మనిషి. పదకొండింటికి ఆయన్ని తడి బట్టలతో వీధిలో నేనెప్పుడూ చూడలేదు.

వ్యాను ఆపాను. ఇంద్రజ తలుపు మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు. అత్తగారి కోసం చూశాను. అరుగు మీద లేరు, కిటికీలో లేరు. ఏదో ఒకటి అందామనుకున్నాను. ఏ మాటకి ఏ మాట జోడించాలా అని నిద్రలో కూడా వెతుక్కునేవాణ్ణి, ఆ క్షణాన నా దగ్గర ఒక్క మాట కూడా స్టాకు లేదు.

మావగారు మమ్మల్ని చూశారు. చూశారంటే, లెక్కపెట్టారు. ఇంద్రజని చూశారు, నన్ను చూశారు, బకెట్ల మధ్య నుంచి లేచిన హర్షితని చూశారు. జయంత్ ఇంకా కనబడలేదు. ఆయన తడి పాదాలతో వ్యాను దగ్గరికి వచ్చేశారు. ఓ ఎర్ర టబ్బు వెనక నుంచి వాడు తల బయటపెట్టి, తాతయ్యా కార్డొచ్చిందా అన్నాడు. ఆయన వాణ్ణి రెండు చేతులా ఎత్తి దింపి, నీళ్ళోడుతున్న గుండెకి అదిమిపెట్టుకున్నారు. వాడు తడిసిపోయాడు.

అప్పుడు గుమ్మంలోంచి అత్తగారు వచ్చారు. ఒక చేతిలో కార్డు, రెండో చేతిలో పసుపు భరిణె. ఇంద్రజ వ్యాను దిగి అక్కడే, రోడ్డు మీదే, కూర్చుండిపోయింది.

"మీ నాన్నగారికి తొందరెక్కువే," అన్నారు అత్తగారు కూతురి తల నిమురుతూ. "కాఫీకని ఇంటికొస్తూ కళ్ళజోడు కొట్లో వదిలేశారు. నలుపు చూడగానే కార్డు అరుగు మీద పడేసి నీళ్ళు పోసేసుకున్నారు. ఎవరు పోయారండీ అంటే మాట్లాడరే. పోయినోళ్ళ కార్డు మధ్యలో ఎర్రబొట్టు పెడతారా ఎక్కడైనా? వంగి చూస్తే మనం పంపించిన బోర్డే."

తణుకు అనే మాట మాత్రం ఆయనకి కళ్ళజోడు లేకుండానే కనబడిందట. ఆ ముక్క ఆయన మాకు చెప్పలేదు. తర్వాతెప్పుడో అత్తగారు ఇంద్రజతో అన్నారు.

ఇలా ఊపిరి తిరిగి రాగానే నాకు మాటలు కూడా వచ్చేశాయి. చదవకుండానే ఎవరికని చేశారు మావయ్యగారూ ఈ స్నానం అని అడిగాను. తల తుడుచుకుంటూ ఆయన నా వైపు చూశారు. "ఆ టేపు అంటించింది ఎవరో తెలిస్తే, ఆయనకే అని రాసుకుందాం బాబూ," అన్నారు. మావగారు నా మీద జోకెయ్యడం అదే మొదటిసారి. అందరూ నవ్వారు, ఇంద్రజ మరీ ఎక్కువగా.

అత్తగారు నాలుగు పాకెట్లలోనూ అప్పటికే నలుపు కనబడనంత పసుపు అద్దేశారు. దగ్గరుండి జయంత్ చేత చదివించారు. "తాతయ్యగారికి, అమ్మమ్మగారికి. క్యారమ్ బోర్డు అందింది. థాంక్యూ. నాన్నని రోజూ ఓడిస్తున్నాను. మీరు రండి. మిమ్మల్ని కూడా ఓడిస్తాను." ఆవిడ ఇంకోసారి చదవమన్నారు. గుండెకి మంచిదట.

మేం వచ్చేసిన తర్వాత వారంలోనే తణుక్కి కార్డొకటి వచ్చింది. నాలుగు మూలలకీ కాదు, కార్డు మొత్తానికే పసుపు రాసేసి ఉంది. పోస్ట్‌మాన్ వేళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. పసుపు కింద మావగారి అక్షరాలు కష్టపడి కూడబలుక్కుంటే, ఆదివారం ఇద్దరం వస్తున్నాం, బోర్డు తుడిచి ఉంచు అని ఉంది.

జయంత్ కార్డుని బోర్డు మీద దులిపాడు. పౌడరు అయిపోయింది మరి. స్ట్రైకరు పచ్చటి గీత గీసుకుంటూ సర్రున జారిపోయింది.