కుడివైపు కుట్టిన పుస్తకం

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక చెక్కపెట్టె, దాని నిండా లాడ్‌బజార్ గాజులు, సగం కథ. గాజులు తొడిగేవాడికి అంతకంటే పెద్ద కథ అక్కర్లేదు. బిగుతు గాజు మెటికలు దాటేటప్పుడు నొప్పి పుడుతుంది. ఆ కాసేపు మనసును ఇంకెక్కడికైనా పంపాలి. కొందరు పాట పాడతారు. నాకు గొంతు లేదు కనుక కథ చెప్పేవాణ్ని.

ఒకామె ఆకుపచ్చ గాజును కంటికెదురుగా పట్టుకుంటే అందులో ఒక ఊరు కనిపిస్తుంది. అక్కడ ఎప్పుడూ సాయంకాలమే. గోడలు తడిసిన ఆకుల్లా మెరుస్తాయి. ఎవరు నడిచినా అడుగులు గలగలమంటాయి. ఆమె గాజులోంచి దూరి ఆ ఊళ్లోకి వెళ్లిపోతుంది. చివరి గాజు చేతికెక్కగానే కథ ఆపేసేవాణ్ని. మిగతాది వినడానికైనా మళ్లీ పిలుస్తారని నా లెక్క.

గౌలిపురలో నాగమణమ్మ కోడలు విమలాదేవి ఆ కథను ఏడేళ్లు విన్నది. చెయ్యి నాకిచ్చి, గోడ మీద కదిలే గాజుల రంగునీడలు చూస్తూ కూర్చునేది. చెయ్యి ఇక్కడ, మనిషి ఆ ఊళ్లో. ఒకసారి అడిగింది.

"బుచ్చయ్యా, గా గాజు పగిలిందనుకో. లోపటున్నామె బయటికెట్లొస్తది?"

"వచ్చేసారి చెప్తనమ్మా," అన్నాను. నిజానికి నాకూ తెలియదు.

ఆ వచ్చేసారి రానేలేదు. పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎండాకాలంలో ఆమె భర్త పోయాడు. పదో రోజున గాజులు పగలగొట్టారు. ఆ తర్వాత ఆ ఇంట్లో నా పెట్టెకు అత్తగారి చేతులే మిగిలాయి. విమలాదేవి తలుపు వెనకే నిలబడేది. లోపలికి వినబడేలా ఒకనాడు కథ ఎత్తుకున్నాను.

"నాకు కథలెందుకయ్యా? జల్ది తొడుగు, పొయ్యి మీద పాలున్నయి," అంది నాగమణమ్మ.

గాజులు వెళ్లకూడని గడప లోపలికి ఏ సరుకు వెళ్తుందా అని దారంతా ఆలోచించాను. ఆమెకు చదువు వచ్చు. పుస్తకం వెళ్తుంది.

లాడ్‌బజార్‌లో నేను కూర్చునే కొట్లో, గిరాకీ లేని మధ్యాహ్నాలు మూడేళ్లు రాశాను. రాస్తూ రాస్తూ నేనూ ఆ ఊరి వీధుల్లో తిరిగేవాణ్ని. ఎవరైనా ధర అడిగితే ఏ ఊళ్లో ఉన్నానో గుర్తు తెచ్చుకుని చెప్పాల్సి వచ్చేది. ముగింపు ఒక్కటే ఏడాది తీసుకుంది.

నది అవతలి తెలుగు అచ్చాఫీసువాళ్లు కాగితాలు విప్పకుండానే తిప్పి ఇచ్చారు. ఇవతల అబ్దుల్ వాహెద్‌కు రాతి మీద ఉర్దూ పుస్తకాలు అచ్చేసే ప్రెస్సు ఉంది.

"మా తాన తెలుగు అక్షరాల్లేవు భాయ్," అన్నాడతను. "అయినా నీకేం ఫికర్? నీ చేతిరాతనే రాతి మీదికి దించుత."

జిడ్డుసిరాతో నూట నలభై పేజీలు నేనే తిరగరాశాను. గాజు విరక్కుండా తొడిగే చేతికి ఆ మాత్రం నిదానం ఉంటుంది.

మూడు వందల పుస్తకాలు తయారయ్యాయి. యుద్ధం రోజులు కనుక అట్టలు ఉత్త నీలికాగితం, పేరైనా లేదు. ఒకటి తెరిచాను. ఎదురుగా చివరి పేజీ ఉంది. అక్కడ పుస్తకాలకు జిల్దు కట్టే దస్తగీర్ ఉర్దూ కితాబును కుట్టినట్టు కుడివైపు కుట్టాడు.

"ఉల్టా కుట్టినవ్ కదయ్యా," అన్నాను.

"ఉల్టా ఎట్లయితది భాయ్? ముప్పై ఏండ్ల సంది గిట్లనే కుడుతున్న. మీరే ఉల్టా చదువుతరు."

వాహెద్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. అచ్చేసిన వరసా అలాగే ఉంది కనుక విప్పి కుట్టే వీలు లేదు. ఇన్నేళ్లు దాచుకున్న ముగింపు తెరవగానే బయటపడుతుంది. ఇక మిగతాది ఎవరు చదువుతారు?

అయినా ఒకటి గౌలిపురకు తీసుకెళ్లాను. నాగమణమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి తలుపు వెనక్కి అందించింది.

"అమ్మా, అది అటుదిక్కు నుంచి..." అంటుండగానే లోపల అట్ట తెరిచిన చప్పుడయింది. కాసేపటికి విమలాదేవి మెల్లగా పైకి చదివింది.

"గాజు పగిలింది. ఊరు పగల్లేదు. దాని చుట్టూ ఉన్న ఆకుపచ్చ గీత పోయిందంతే. ఆమె నడుస్తూనే ఉంది. ఎక్కడ బయటికొచ్చిందో ఆమెకే తెలియలేదు."

తర్వాత తలుపు వెనక నుంచే అడిగింది.

"గీ ముక్క చెప్పనీకి గిన్నేండ్లు పట్టిందా, బుచ్చయ్యా?"

"నాకు దొరకనీకి పట్టిందమ్మా."

"మొదలేడున్నది?"

"అటుదిక్కు."

కాగితాలు తిరగడం మొదలైంది. "పాలు పొంగుతున్నయి, ఎవరన్న చూడున్రి," అంది నాగమణమ్మ. ఎవరూ లేవలేదు. ఆమె కూడా.

రెండేళ్లలో మూడు వందలూ అయిపోయాయి. అందరూ ముగింపే ముందు చదివారట. ఆమె అక్కడిదాకా ఎలా వెళ్లిందో తెలుసుకోవాలని వెనక్కి తిప్పారట. రెండో అచ్చు వేసినప్పుడు, కుడివైపే కుట్టమని దస్తగీర్‌కు నేనే చెప్పాను.

ఇక లెక్క. కథను సగంలో ఆపి మళ్లీ పిలిపించుకునే ఉపాయం పోయింది. పుస్తకం మిగిలింది. గౌలిపుర ఇంట్లో గాజులు వేయించుకునే మనిషి ఇప్పటికీ ఒక్కరే. ఇంకో కథ ఎప్పుడని అడిగేవాళ్లు ఇద్దరు.